పూల బండి దగ్గర మాట్లాడింది డబ్బా ఒక్కటే

పోయిన సెమిస్టర్‌లో నేను తీసిన ఆరు నిమిషాల డాక్యుమెంటరీని క్లాసులో వేసినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక వెనక వరసలో కూర్చున్న మిత్రుడొకడు, "బాగుంది గానీ, పూలమ్మే అవ్వ ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. వెక్కిరింపుగా కాదు, సినిమా ఇంకా మిగిలి ఉందేమో అనుకుని అడిగాడు. ఆ ఆరు నిమిషాల్లో ఐదు నిమిషాలకు పైగా తెర మీద ఉన్నది అవ్వే. దారాన్ని బొటనవేలికి చుట్టుకునే చేయి, నీళ్లు చిలకరించిన కనకాంబరాల మీద పొద్దుటి వెలుగు, మోచేతి నుంచి వేలికొస దాకా మూర కొలిచే తీరు, అన్నిటినీ క్లోజప్పుల్లో పట్టుకున్నానని నేను లోలోపల మురిసిపోతూ ఉన్నాను. కానీ వాటన్నిటి వెనకా నేను పరిచింది ఒక వేణువు. అవ్వ నోరు మెదిపిన రెండు చోట్లా ఆమె మాటను తగ్గించి వేణువును పెంచాను. "ఒక ఆడ గొంతు వినిపించింది, కానీ అది పేమెంటు డబ్బాది కదా," అన్నాడు మావాడు. నిజమే. బండికి కట్టిన స్పీకరు డబ్బా "ఇరవై రూపాయలు అందాయి" అని పుస్తకాల తెలుగులో పలికిన ఆ ఒక్క ముక్కే, నా సినిమా మొత్తంలో ఆడ గొంతుతో వినిపించే వాక్యం.

ఇది జరిగి నాలుగు నెలలు దాటింది. అప్పటి నుంచి నా బుర్రలో తిరుగుతున్న సంగతులను ఒక చోట పెట్టుకుందామని ఈ టపా రాస్తున్నాను.

ప్రాతినిధ్యం అన్న మాటను మేము మొదటి సంవత్సరం నుంచీ వింటున్నాం, పరీక్షల్లో పది మార్కులకు సరిపడా రాస్తున్నాం. తెర మీద ఎవరు కనిపిస్తున్నారు, ఎంతసేపు కనిపిస్తున్నారు, ఏ కోణం నుంచి కనిపిస్తున్నారు అని లెక్క పెట్టడం బాగానే ఒంటబట్టింది. 1985లో అలిసన్ బెక్‌డెల్ అనే అమెరికన్ కార్టూనిస్టు తన కామిక్‌లో ఒక పాత్ర చేత చెప్పించిన షరతు మా అందరికీ కంఠతా వచ్చు: సినిమాలో కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాట ఏ మగవాడి గురించో కాక మరో విషయం గురించి అయి ఉండాలి. ఆ షరతును ఎన్నో సినిమాలకు పెట్టి చూసి ఫెయిల్ చేసి నవ్వుకున్నవాళ్లం. అందులో మూడింట రెండు వంతులు మాట గురించే ఉందన్న సంగతి మాత్రం నా వేణువు దెబ్బ తిన్నాక గానీ నాకు తట్టలేదు. మొహాన్ని చూపిస్తే మనిషిని చూపించినట్టే అన్న నమ్మకం నాలో అంత లోతుగా పాతుకుపోయి ఉంది.

ఆ నమ్మకం నా ఒక్కడి తప్పు కాదని కూడా అనిపిస్తుంది, ఎందుకంటే నేను సినిమా చూస్తూ పెరిగిన భాషలో గొంతూ మొహమూ వేర్వేరు మనుషులవి కావడం మామూలు విషయం. మొదట్లో ఇలా లేదు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించిన సురభి కమలాబాయి లాంటి వాళ్లు నాటకరంగం నుంచి గొంతుతో సహా వచ్చినవాళ్లు, తమ పాట తామే పాడుకోగలిగినవాళ్లు. తరవాత నేపథ్యగానం వచ్చి పాటను నటుల నోటి నుంచి విడదీసింది. ఆ తరవాత, 1960ల నుంచి ఆరీ టూ సీ లాంటి తేలికపాటి కెమెరాలు వాడుకలోకి వచ్చాయి. భుజాన వేసుకుని ఎక్కడికైనా వెళ్లగలిగే సౌకర్యం ఉన్నా, అవి తిరిగేటప్పుడు చేసే చప్పుడు కుట్టుమిషను పక్కన కూర్చున్నట్టు ఉంటుంది కాబట్టి, షూటింగులో పట్టిన మాట గుర్తు కోసం మాత్రమే పనికివచ్చి, అసలు మాటను తరవాత డబ్బింగ్ థియేటర్లో చెప్పించడం అలవాటైంది. కెమెరాలు డిజిటల్ అయి చప్పుడు మానేసి చాలా ఏళ్లయినా ఆ అలవాటు చాలావరకు అలాగే ఉంది. మొహం ఒక రాష్ట్రం నుంచి, గొంతు మరో చోటు నుంచి తెచ్చుకోగలిగే వెసులుబాటును వదులుకోవడం ఏ నిర్మాతకైనా కష్టమే మరి.

విడదీయడం చెడ్డదని నేను అనను. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారినప్పుడు, 'అహ నా పెళ్ళంట' పాటలో సుశీల గొంతు మధ్యన ఘంటసాల గొంతు చొరబడడం, దానికి తగ్గట్టు సావిత్రి మొహంలో ఒక్క క్షణం రాక్షసుడు తొంగిచూసి మాయమవడం, గొంతునూ దేహాన్నీ విడదీసి ఆడుకోవడంలో మనవాళ్లు 1957 నాటికే ఎంత దూరం వెళ్లారో చూపిస్తుంది. అక్కడ విడదీసిన సంగతి ప్రేక్షకుడికి తెలుసు, తెలియడంలోనే సరదా ఉంది. నా బాధ తెలియకుండా విడదీసే చోట. అంటే మనిషిని ఉంచి, ఆ మనిషి ఊరినీ కులాన్నీ ఇంటినీ పట్టి ఇచ్చే మాటను తీసేసి, దాని స్థానంలో ఏ ఊరిదీ కాని తెలుగును కూర్చోబెట్టే చోట.

రెండో సంవత్సరం సెలవుల్లో నేను ఒక డబ్బింగ్ థియేటర్లో రెండు నెలలు పని చేశాను. పని అంటే స్క్రిప్టు కాగితాలు పట్టుకుని గాజు తలుపు అవతల నిలబడడం. డబ్బింగ్ చెప్పేవాళ్ల ప్రతిభ అక్కడ చూసి నోరు వెళ్లబెట్టాను. పెదవులు మూసుకునే ప, బ, మ అక్షరాలు తెర మీది నోటికి సరిగ్గా అతకాలని రచయిత మాట మార్చుకుంటూ ఉంటే, కళాకారిణి ఊపిరి ఎక్కడ తీయాలో పెన్సిలుతో గీత పెట్టుకుని, ఏడుపును ఏడ్చి, కళ్లజోడు సర్దుకుని, వెంటనే తరవాతి లూపులో, అంటే డబ్బింగ్ కోసం కోసిన తరవాతి ముక్కలో, కిలకిలా నవ్వేది. ఒక రోజు ఊరి జనం గొంతులు కావలసి వచ్చి, మనుషులు తక్కువై, నన్నూ లోపలికి పిలిచారు. "ఏమైందే, గట్ల ఉరుకుతున్నవ్?" అన్నాను. స్క్రిప్టులో లేదు, నోటికి వచ్చింది. మాది జనగామ పక్క ఊరు, కంగారుపడితే మా ఇంట్లో అనే మాటే అది. డబ్బింగ్ చెప్పిస్తున్నాయన నుంచి హెడ్‌ఫోన్స్‌లో జవాబు వచ్చింది: "యాస తగ్గించు బాబూ, ఇది హీరో ఊరు, కామెడీ ట్రాక్ కాదు." తిట్టలేదు, మామూలుగా చెప్పాడు. నేనూ మామూలుగానే తగ్గించుకున్నాను. బళ్లో 'వచ్చిండు' అంటే 'వచ్చాడు' అని దిద్దినప్పటి నుంచి తగ్గించుకోవడం నాకు అలవాటైన పనే. అవ్వ మాటను వేణువు కిందికి నెట్టిన చేయి, ఆ రోజు మైకు ముందు నుంచి చప్పుడు చేయకుండా వెనక్కి జరిగిన చేయి ఒకటేనని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఈ విషయంలో మన సినిమా మారలేదని అంటే అబద్ధమవుతుంది. దొర గడీలో బతుకు వెళ్లదీసే స్త్రీ కథను బి. నర్సింగరావు 1988లో 'దాసి'గా తీసి ఐదు జాతీయ అవార్డులు గెలుచుకున్నప్పుడే, తెలంగాణ మాట విలన్ అనుచరుడి నోట్లోనో హాస్యగాడి నోట్లోనో మాత్రమే ఇమిడేది కాదని ఒక దారి తెరుచుకుంది. ఆ సినిమాలో మాటలు తక్కువ. ఆ తక్కువతనం నా సినిమాలోని మౌనం లాంటిది కాదు, ఎందుకంటే అక్కడ గడీ మాట్లాడుతూ ఉంటుంది, పనిమనిషి ఎందుకు మాట్లాడలేకపోతోందో మనకు వినిపిస్తూ ఉంటుంది. తరవాత చాలా కాలానికి, 2017లో 'ఫిదా'లో తెలుగు మాతృభాష కాని సాయి పల్లవి బాన్సువాడ అమ్మాయిగా తన గొంతుతోనే తెలంగాణ మాట చెప్పుకుంటే రెండు రాష్ట్రాల్లోనూ జనం ముద్దు చేశారు. అది చూసి సంతోషించాను, కాస్త ఉక్రోషమూ వచ్చింది: నేర్చుకుని పలికినప్పుడు ముద్దొచ్చిన మాట, పుట్టుకతో పలికేవాడి నోట్లో ఎందుకు తగ్గించుకోవలసినదవుతోందని. 2023లో వచ్చిన 'బలగం' దగ్గర ఆ ఉక్రోషం కొంత తీరింది. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ అనే జానపద కళాకారులు పాడుతుంటే అది సినిమా పాటలా కాక నిజంగా పెద్దకర్మ రోజు వాకిట్లో కూర్చుని వింటున్నట్టే అనిపిస్తుంది. ఊళ్లలో తెరలు కట్టుకుని జనం ఆ సినిమాను కలిసి చూశారంటే, అందులో ఆ గొంతుల వాటా చిన్నది కాదు. అరిగిపోయి, బొంగురుపోయి, ఊపిరి అందీ అందకుండా ఉన్న గొంతును శుభ్రం చేయకుండా వదిలేసిన ధైర్యం అది.

తెర సంగతి పక్కన పెట్టి చెవికే చెప్పిన కథల దగ్గరికి వెళితే, ఈ చర్చ అక్కడ ఇంకా ముందుకు పోయి ఉందని తెలిసింది. హైదరాబాదులో రేడియో నిజాం కాలం నుంచీ ఉంది. దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. మా నానమ్మకు రేడియో అంటే ఉషశ్రీ గొంతు, రామాయణం. కానీ నన్ను కదిలించింది ఇంకోటి. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. విద్యాసంస్థలు కాక ఇతర స్వచ్ఛంద సంస్థలు కూడా సొంత రేడియో పెట్టుకునే వీలు 2006లో వచ్చింది. అలా వచ్చిన అవకాశంతో, జహీరాబాదు దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న సంగం రేడియో మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాలకు చెందిన దళిత స్త్రీలు నడిపే స్టేషన్ అది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దాన్ని నడిపినవాళ్లుగా పేరు పొందారు. విత్తనాల గురించి, జొన్నల గురించి, పండుగ పాటల గురించి ఆ పొలాల్లో మాట్లాడుకునే మాటలోనే కార్యక్రమాలు ఉంటాయి. అక్కడ యాస అన్న ప్రశ్నే రాదు, ఎందుకంటే చెప్పేవాళ్లదీ వినేవాళ్లదీ ఒకటే మాట. హైదరాబాదులో కూర్చుని 'అట్టడుగు గొంతులకు వేదిక' అని వ్యాసం రాసే నాలాంటి వాడి సాయం వాళ్లకు ఏమాత్రం అక్కర్లేదు.

ఇవన్నీ చదివి, విని, మళ్లీ మెహదీపట్నంలో అవ్వ బండి దగ్గరికి వెళ్లాను. ఈసారి కెమెరా తీసుకుపోలేదు. చేతిలో పట్టే రికార్డరు, ఒక కాలరు మైకు, గాలి తగలకుండా దానికి తొడిగే బొచ్చు టోపీ, హెడ్‌ఫోన్స్, అంతే. అవ్వ తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు వెళ్లి సరుకు తెచ్చుకుంటుంది. నేనూ ఆమె వెంట ఆటోలో వెళ్లాను. కళ్లతో చూస్తే ఆ మార్కెట్టు బంతిపూల కుప్పలు, అంటే నా పాత సినిమా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే అది పూర్తిగా వేరే చోటు. ధర పాడేవాళ్ల కేకలు, గోనె సంచిని నేల మీద ఈడ్చే చప్పుడు, తెలుగులో మొదలై ఉర్దూలో తెగే బేరం, పక్కనే ఎవరో చాయ్ గ్లాసులు కడిగే గలగల. వీటి మధ్య అవ్వ గొంతు. అంత సన్నటి మనిషికి అంత గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. "నిన్నటి పువ్వు గిది, నాకు తెల్వదా?" అని ఆమె దబాయిస్తే ఇవతల మీటరులో ముల్లు ఎర్రగీత దాటింది. బండి దగ్గర మూర ఇరవైకి గొణుగుతూ అమ్మే మనిషీ, కొనేటప్పుడు ఇలా గర్జించే మనిషీ ఒకరే. ఈ తేడా నా క్లోజప్పుల్లో ఎక్కడా లేదు.

రికార్డింగ్ పని అనుకున్నంత తేలిక కాదు. కాలరు మైకు కంఠానికి జానెడు కింద పెడితే మాట బాగా పడుతుందని పుస్తకంలో ఉంది గానీ, చీర కొంగు జారినప్పుడల్లా మైకును రాసుకుని బరబరమంటుందని పుస్తకంలో లేదు. కొంగును పిన్నుతో పట్టుకోమని అవ్వనే అడిగాను, ఆమె నవ్వి రవికె అంచుకు తనే మైకు గుచ్చుకుంది. ప్రతి చోటా మాటలు అయిపోయాక ఒక నిమిషం పాటు ఎవరూ మాట్లాడకుండా ఉత్త వాతావరణాన్ని పట్టుకోవాలి. రూమ్ టోన్ అంటారు దాన్ని, ఎడిటింగులో రెండు ముక్కలను అతికేటప్పుడు మధ్య గుంత కనబడకుండా పూడ్చేందుకు పనికివస్తుంది. రోడ్డు పక్క బండి దగ్గర ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉండడమంటే హైదరాబాదులో అయ్యే పని కాదు. నాలుగు సార్లు ప్రయత్నించాను. మూడు సార్లు డబ్బా మాట్లాడింది.

ఒక చిన్న లెక్క చెప్పి ముందుకు పోతాను. సినిమాలో కన్నును నమ్మించడానికి సెకనుకు 24 బొమ్మలు చాలు. అదే సెకను శబ్దాన్ని సినిమాకు పనికివచ్చేలా దాచాలంటే సాధారణంగా దాన్ని 48,000 సార్లు కొలిచి నమూనాలు తీసుకుంటాం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చెవి గొప్పదని వాదించడం సాంకేతికంగా సరికాదు, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా పరీక్ష ముందు రాత్రి ఈ అంకెలు చూసినప్పుడు, చెవి ఇంత అడుగుతుంటే మనం ఇంత తక్కువ పెడుతున్నామేమని అనిపించిన మాట నిజం.

కొత్తది తొమ్మిది నిమిషాల శబ్ద కథ అయింది. బొమ్మ లేదు, వేణువు లేదు, నా వ్యాఖ్యానమూ లేదు. క్లాసులో వినిపించినప్పుడు పనికివచ్చే సలహాలు చాలా వచ్చాయి, ఒక్కటి మాత్రం మింగుడు పడలేదు: అవ్వ మాట అందరికీ అర్థం కాకపోవచ్చు కాబట్టి, ఎక్కడికైనా పంపేటప్పుడు మాటలను మామూలు తెలుగులో రాసి జతచేయమని. తెలుగుకు తెలుగు సబ్‌టైటిళ్లు. "ఏది మామూలు?" అని అడగాలనిపించి, మార్కులు గుర్తొచ్చి ఊరుకున్నాను.

మా మిత్రుడితో ఆ తరవాత చాలాసార్లు కూర్చున్నాను. తను సినిమాకు వెళితే పక్కన వాళ్ల అక్క చెవిలో గుసగుసగా బొమ్మను చెబుతూ ఉంటుందట, ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి కసురుకుంటూ ఉంటారట. సినిమా హాళ్లలో చూపు లేనివాళ్లకు శబ్ద వివరణ, వినికిడి లేనివాళ్లకు అక్షర రూపంలో మాటలు ఉండాలని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్లు 50 లక్షల మంది. వాళ్ల అక్కయ్యలందరూ గుసగుసలాడుతూ కూర్చోవడం కంటే మార్గదర్శకాలు మేలే. అయితే అతను అడిగేది కొంచెం వేరు. "ఎవరో పక్కన కూర్చుని బొమ్మ చెప్పడం సరే. నువ్వు తీసేటప్పుడే సగం కథ చెవికి పెట్టొచ్చు కదా. వర్షం పడితే తడిసిన మొహమే చూపించాలా, రేకు మీద చినుకు వినిపించకూడదా?" అంటాడు. వాడి మాట విన్నాక నేను చూసిన ప్రతి సినిమానూ ఒక పది నిమిషాలు కళ్లు మూసుకుని మళ్లీ వింటున్నాను. బాగా తీశారనుకున్నవి కొన్ని అక్కడ ఖాళీ డబ్బాల్లా మోగాయి. పేర్లు చెప్పను.

శబ్ద కథను క్లాసులో పెట్టకముందే అవ్వకు వినిపించాను. హెడ్‌ఫోన్స్ కొప్పు మీదుగా సర్ది పెడితే మొదట ఉలిక్కిపడింది. "గిదేంది బిడ్డా, నా మాట గిట్ల ఉంటదా?" అని, కాసేపు విని, "అచ్చం మా అవ్వ మాట్లాడినట్టే ఉన్నది గద," అంది. ఆరో నిమిషం దగ్గర చేయెత్తి ఆపమంది. కొడుకు గురించి పూలు కడుతూ కడుతూ మాటల్లో అనేసిన రెండు ముక్కలు అక్కడ ఉన్నాయి. నా దృష్టిలో మొత్తం కథలో అంతకన్నా బలమైన చోటు లేదు. "అది తీసెయ్యి. ఇన్నోళ్లు ఏమనుకుంటరు," అంది. వాదించబోయాను. ఆమె అప్పటికే హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టి, ఎవరికో రెండు మూరలు కొలుస్తోంది.

పదకొండు సెకన్లు తీసేశాను. ఆ చోట, నాలుగో ప్రయత్నంలో దొరికిన రూమ్ టోన్ పరిచాను. మాట లేదు, దూరంగా బస్సు, దగ్గరగా ఆకు మీద నీళ్లు చిలకరించిన చప్పుడు. అతుకు ఎక్కడుందో నాకే తెలియనంత శుభ్రంగా కుదిరింది. క్లాసులో ఎవరూ పట్టుకోలేదు. అందరూ వెళ్లాక మా మిత్రుడు కర్ర మడతపెట్టుకుంటూ, "ఆరో నిమిషంలో ఏదో తీశావు కదా," అన్నాడు. తీశానన్నాను. ఏముండేదని అతను అడగలేదు.